గురజాలలో రెండు తాళాల సైన్సు గది

నాగులుకి నేనొక మాట ఇచ్చాను, ఈ ప్రయాణం అందుకే. గురజాలలో మూతపడ్డ పాత బ్యాంకు భవనాన్ని సైన్సు కేంద్రంగా మార్చేటప్పుడు, రిటైరైన సైన్సు టీచరునని నన్నూ సలహాకి పిలిచారు. కిటికీ లేని స్ట్రాంగ్ రూము చూడగానే నాకు ఆశ పుట్టింది. వీధి వైపు గోడకి చిన్న బెజ్జం పెడితే ఎదుటి దుకాణాలు, మనుషులు, ఆటోలు అన్నీ తలకిందులుగా లోపలి గోడ మీద పడతాయి. కరెంటు కూడా అక్కర్లేదు. కానీ అది రెండడుగుల రాతిగోడ. కారంపూడి నుంచి క్వారీ కూలీ నాగులు వచ్చి మూడు రోజులు లోపలినుంచి తొలిచాడు. లోపల గరాటాలా వెడల్పు, బయటికి శనగగింజంత. పని పూర్తయ్యేసరికి పొద్దుగూకింది. వెలుగు లేక బొమ్మ చూడలేదు. "తొలిచినవాడివి నువ్వు, మొదట చూసేదీ నువ్వే" అన్నాను.

ఆ మర్నాటి నుంచి గదికి తాళం. నాగులుకి రాయి పలుకు తగిలి ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదీ మసకబారుతోందని, ఇక బాగుపడదని డాక్టరు చెప్పాడని మొన్న ఫోను చేశాడు.

గుంటూరులో పొద్దున ఆరింటికి మాచర్ల ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కితే సత్తెనపల్లి, పిడుగురాళ్ళ మీదుగా తొమ్మిదిన్నరకి గురజాల. ఆడవాళ్ళకి బస్సు ఉచితం, ఆధార్ చూపించాను కాబట్టి నాకు టికెట్ ఖర్చు లేదు. మగవాళ్ళు నూటయాభై పైనే పెట్టుకోవాలి. నాగులు ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్టాండులో నిలబడి ఉన్నాడు. ఆటోకి మనిషికి ఇరవై.

"సైన్సు సెంటరా? యాడుంది?" అన్నాడు ఆటో అతను.

"పాత బ్యాంకు."

"అట్టా చెప్పండి. అది తీస్తన్నారా ఏంది?"

ముందు హాలు తీసే ఉంది. క్యాషియరు కటకటాల వెనక నాలుగు నమూనాలు, ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పకుండా. స్ట్రాంగ్ రూముకి మాత్రం బ్యాంకు రోజుల పద్ధతే: తలుపుకి రెండు తాళంచెవులు, ఇద్దరు మనుషులు, ఇద్దరూ వస్తేనే తెరుచుకుంటుంది. అప్పట్లో లోపల బంగారం ఉండేది. ఇప్పుడు ఖాళీ గది, అయినా కేంద్రం కమిటీ ప్రెసిడెంటు దగ్గర ఒకటి, సెక్రటరీ దగ్గర ఒకటి ఉన్నాయి. ఊళ్ళో ఇద్దరివీ ఎదురెదురు వర్గాలు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారులు ఇద్దరు.

ప్రెసిడెంటు పదకొండింటికే వచ్చాడు. సెక్రటరీ ఫోనులోనే, "ఆయన ఉండగా నేను రాను టీచరమ్మా" అని పెట్టేశాడు. మెస్సులో భోజనం చేశాం, నూట ఇరవై, గోంగూర బాగుంది. వడ్డించే ఆవిడ అసలు సంగతి చెప్పింది. "శిలాఫలకం మీద ప్రెసిడెంటు పేరు పైన, సెక్రటరీ పేరు కింద రాశారంట. అప్పణ్ణించీ మాటల్లేవు."

నేను సెక్రటరీ ఎరువుల దుకాణానికి వెళ్ళి బతిమాలాను. కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. మూడింటికి వచ్చాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తాళాలు తిప్పారు.

నాగులు నా చెయ్యి పట్టుకుని లోపలికి నడిచాడు. తలుపు వేశాం. చీకటి. కళ్ళు అలవాటు పడతాయని ఆగాం. ఎంతసేపటికీ చీకటే.

"టీచరమ్మా," అన్నాడు మెల్లగా. "నాకేం కనపడటంలా. మీకు కనపడతందా?"

"నాక్కూడా కనపడటం లేదు నాగులూ" అన్నాను. నమ్మలేదు. "ఒట్టు?" అన్నాడు. ఒట్టు వేశాను.

బయటికొచ్చి గోడ చూశాం. బెజ్జం ఉండాల్సిన చోట, తర్వాతెప్పుడో బిగించిన నల్లరాతి శిలాఫలకం. తొలిచినప్పటి లెక్క ప్రకారం మూల నుంచి నాగులు జానలతో కొలిచాడు. ఆరో జాన సరిగ్గా ప్రెసిడెంటు పేరు మీద ఆగింది.

"పలక తియ్యక్కర్లా," అన్నాడు. "ఈడ సన్నంగా తొలిస్తే చాలు. అరగంట పని."

"తొలవరా, తొలువు" అన్నాడు సెక్రటరీ వెంటనే.

"ఏందిరా, నా పేరు మీద తొలుస్తావా? తొలవాలంటే కింద ఆయన పేరు మీద తొలువు!" అన్నాడు ప్రెసిడెంటు.

కింద తొలిస్తే బెజ్జానికి తగలదని నేను అరిచినంత పనిచేశాను. వినలేదు. తాళాలు పడ్డాయి, రెండూ.

బస్సు ఎక్కించేటప్పుడు నాగులు నవ్వాడు. "కన్ను పోయిందనుకున్నా టీచరమ్మా. పోలా. రాయేగా అడ్డం." ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. ఇచ్చిన మాట పోయింది. అతనికి మిగిలిన చూపు ఎన్నాళ్ళో తెలీదు. పేరు చెక్కిన రాయికి మాత్రం వందేళ్ళ ఆయుష్షు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి వెలుతురు పాఠం చెప్పినదాన్ని, వీళ్ళిద్దరికీ శనగగింజంత కూడా ఎక్కించలేకపోయాను.

వెళ్ళాలనుకునేవారికి ఒక్క సలహా: మధ్యాహ్నం ఎదుటి దుకాణాల మీద ఎండ ఉన్నప్పుడు వెళ్ళండి, తాళాల వాళ్ళిద్దరికీ విడివిడిగా ఫోను చేయించండి. తలుపు తెరిచాక కూడా ఏమీ కనపడకపోతే మీ కళ్ళని అనుమానించకండి. బయటికొచ్చి శిలాఫలకం చదవండి.