చల్లటి ఇంజన్

ఆనందరావు కోరింది ఒక్కటే. ఆ కారు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూడాలి. రాత్రంతా కదలకుండా ఉన్న బండిని పొద్దున్నే తన చేత్తో స్టార్ట్ చేసి, మొదటి పొగ ఏ రంగులో వస్తుందో, మొదటి చప్పుడు ఎట్టా ఉంటుందో చూసుకోవాలి. నీలంగా వస్తే ఇంజన్ ఆయిలు తాగుతున్నట్టు. తెల్లగా వచ్చి ఆగకుండా వస్తూనే ఉంటే లోపలికి నీళ్లు చేరుతున్నట్టు. ఒకసారి వేడెక్కాక ఎంత ముసలి ఇంజనైనా కాసేపు కుర్రతనం నటిస్తుంది. అందుకని గురజాలలో ఆ కారు అమ్ముతున్న ధనుంజయరావుకి ఫోన్లో విడమరిచి మరీ చెప్పాడు. "అయ్యా, నేను వచ్చిందాకా బండి స్టార్ట్ చెయ్యొద్దు."

మాచర్లలో బస్సెక్కి, రెంటచింతల ఎండంతా కిటికీలోంచి మొహాన కొట్టించుకుంటూ వెళ్లేసరికి కారు వాకిట్లో తళతళలాడుతోంది. ఎర్రటి రంగు, రెండే తలుపులు, వెనక్కి మడిచిన గుడ్డ టాపు. పరుగెత్తడానికే పుట్టినట్టు నేలకి అతుక్కుని ఉంది. వయసు ఇరవై ఏళ్లు దాటింది. బానెట్ మీద చెయ్యి వేసిన ఆనందరావు చటుక్కున తీసేశాడు. పెనంలా ఉంది.

"స్టార్ట్ చెయ్యొద్దన్నాగదయ్యా."

"నువ్వు అంత దూరం నుంచి వస్తుంటే నిద్రమొహం బండిని చూపిస్తానా?" అన్నాడు ధనుంజయరావు నొచ్చుకుని. "మా డ్రైవరు గోపీచంద్ చేత కడిగించి, గంటసేపు ఆన్లో పెట్టించా. విను, ఎట్టా పలుకుతోందో."

ధనుంజయరావు ఎడ్ల సంతకి కోడెని కడిగి, కొమ్ములకి నూనె రాసి తోలుకెళ్లే ఇంట్లో పుట్టినవాడు. అమ్మే సరుకుని ముస్తాబు చెయ్యకుండా నిలబెట్టడం ఆయన దృష్టిలో కొనేవాడికి అవమానం. మోసం కాదని ఆనందరావుకి తెలుసు. తెలిసినందువల్లే కోపం ఎవరి మీద చూపాలో అర్థం కాలేదు.

మాచర్ల స్టేషను రోడ్డులో ఆనందరావుది లేతు మిషను షాపు. పదో తరగతి తప్పిన ఏడాది మేనమామ షాపులో చీపురు పట్టుకుని మొదలుపెట్టి, చూసి చూసి నేర్చుకున్నాడు. ఎవరూ కూర్చోబెట్టి చెప్పింది లేదు. ట్రాలీ హుక్కులు, రోటవేటర్ షాఫ్టులు, మందు కొట్టే పంపులు, బోరు మోటార్లు, ఈ చుట్టుపక్కల పొలాల్లో తిరిగేవన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఆయన చేతిలోకి వచ్చినవే. వచ్చిన ప్రతివాడూ అనేది ఒకటే మాట. "సాయంత్రానికి తిరగాలి మేస్త్రీ."

తిరిగేది. పనివాడిగా ఆయనకి ఆ పేరుంది. కానీ సాయంత్రానికి తిరిగేట్టు చెయ్యడం వేరు, బాగుచెయ్యడం వేరు. షాఫ్టు అరిగితే కొత్తది తియ్యాల్సిన చోట వెల్డింగు పోసి సాన పట్టాలి. బుష్ మార్చాల్సిన చోట రేకు ముక్క పెట్టాలి. రైతుని తప్పు పట్టడానికి లేదు, మిరపకి తడి ఆగదు. అయినా అతుకు వేసి పంపిన ప్రతిసారీ ఆయనకి అన్నం సగం తిని లేచినట్టుండేది. యాభై మూడేళ్లు వచ్చాయి. చెయ్యి ఇంకా వణకడం లేదు. వణుకు మొదలయ్యేలోగా ఒక్క యంత్రాన్ని, తొందరపెట్టేవాడు లేని దాన్ని, చివరి నట్టు దాకా విప్పి, ప్రతి ముక్కా కొలిచి, ఉండాల్సినట్టుగా మళ్లీ నిలబెట్టాలని ఆశ. అది తన సొంతమైతే తప్ప కుదరదు. ట్రాక్టరైతే దుక్కికి అడుగుతారు, జీపైతే ఆసుపత్రికి అడుగుతారు. ఎవడికీ ఏ పనికీ రాని బండి అయితేనే తనకి మిగులుతుంది. అందుకే ఆ ఎర్ర కారు అమ్మకానికుందని వినగానే మనసు అటు పోయింది.

ఆ సంగతి మనుషులకి చెప్పడమే కష్టమైంది.

"నీ మోకాళ్లకి ఆటో ఎక్కడమే గగనం, అంత కిందికి దిగి కూర్చుని మళ్లా లేస్తావా?" అంది భార్య షెర్లీ. ఆమె అంగన్‌వాడీ టీచరు. పిల్లల్ని గద్దించిన గొంతు ఇంటికొచ్చాక కూడా తగ్గదు. "ఆదివారం చర్చికి దాంట్లో దిగితే పాస్టరుగారు నీ మీదే వాక్యం చెప్తాడు."

"తోలడానికి కాదే. విప్పడానికి."

"విప్పడానికి కారు కొనే మనిషిని నిన్నే చూస్తన్నా."

పక్క షాపు సాల్మన్ రాజుది వేరే గోల. టైర్లకి పంక్చర్లు వేస్తూ రోజంతా ఫోన్లో కార్ల వీడియోలు చూస్తాడు. "బావా, అది ఆరు సెకన్లలో వంద అందుకుంటదంట. కొన్నాక సాగర్ రోడ్డు మీద నన్నొక్కసారి కూర్చోబెట్టు, చాలు." ఇంజన్ హెడ్డు ఏ లోహమో అడిగితే మాత్రం తెలీదు. వినేవాడు లేకపోయినా మాట్లాడేవాళ్లకి కొదవ లేదనుకున్నాడు ఆనందరావు. మాట్లాడటం మానేశాడు.

పది రోజులాగి మళ్లీ గురజాల వెళ్లాడు. ఈసారి ఫోన్లో దణ్ణం పెట్టినంత పని చేశాడు. బానెట్ మళ్లీ వేడిగా ఉంది.

"స్టార్ట్ చెయ్యలేదయ్యా, ఒట్టు," అన్నాడు ధనుంజయరావు. "ఊరికే బజారు దాకా గోపీచంద్ తిప్పుకొచ్చాడు, బ్యాటరీ డౌనైతే నీ ముందు పరువు పోద్దని."

పళ్లు బిగబట్టి ఆనందరావు చూడగలిగినంత చూశాడు. కింద దూరాడు, తుప్పు లేదు. మీటరు చూశాడు. ఇన్నేళ్లకి తిరిగింది మూడు వేల కిలోమీటర్లు. మీటరు తీగ ఊడలేదు, అంకెలు వెనక్కి తిప్పిన జాడ లేదు. ఆ అంకె చూసి ఆయన గుండె ఒక్క క్షణం ఎగిరింది కూడా. ఒకటి మాత్రం పొసగలేదు. యాక్సిలేటర్ పెడలు మీద రబ్బరు కొత్తదానిలా గరుకుగా ఉంది. క్లచ్ పెడలు రబ్బరు అరిగి, చారలు పోయి, ఇనుము బయటపడింది. ఒకే బండి, ఒకే మనిషి కాళ్లు. ఒక పెడలు ఎందుకు అరిగింది, ఇంకోటి ఎందుకు అరగలేదు? గోపీచంద్‌ని అడిగితే తల గోక్కుని, "మీరు చెప్పేదాకా మేం చూళ్లా మేస్త్రీ," అన్నాడు. ధనుంజయరావుని అడిగితే టీ తెప్పించాడు.

బస్సులో తిరిగొస్తూ దారంతా ఆ రబ్బరు ముక్క గురించే ఆలోచించాడు. అర్థం కాలేదు. అర్థం కానిది కొనకూడదని ఒక మనసు, మీటరు చూశావుగా ఇంకేం కావాలని ఇంకో మనసు. ఆ ధ్యాసలోనే షాపులో రంపానికి బ్లేడు పెట్టబోయి వేలు కోసుకున్నాడు.

ఇక చెప్పి వెళ్తే లాభం లేదని, ఆ ఆదివారం చర్చి ఎగ్గొట్టి, మొదటి బస్సుకి చెప్పకుండా వెళ్లాడు.

ధనుంజయరావు ఇంటి వాకిలి ఊడుస్తున్న పనిమనిషి బుల్లెమ్మ తలెత్తి చూసి, "కారు పెళ్లికి పోయిందయ్యా," అంది.

"ఎవరి పెళ్లికి?"

"ఎవరిదైతే ఏంది? ఈ చుట్టుపక్కల పెళ్లికొడుకు ఏ కారెక్కుతాడు, ఇదే గదా." మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది.

ఆనందరావు డప్పుల చప్పుడు వినపడ్డ వైపు నడిచాడు.

విడిది నుంచి కల్యాణ మండపానికి ఊరేగింపు వస్తోంది. ముందు డప్పులు, వాటి వెనక చిందులేస్తున్న కుర్రాళ్లు, ఆ వెనక బంతిపూల దండల కింద ఎర్ర కారు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు వెనక సీటు అంచు మీద ఎత్తుగా కూర్చున్నారు. గోపీచంద్ తోలుతున్నాడు. తోలుతున్నాడనడానికి లేదు. కుర్రాళ్లు రెండడుగులు వేస్తే కారు రెండడుగులు కదులుతుంది. వాళ్లు ఆగి గుండ్రంగా తిరిగితే ఇదీ ఆగుతుంది. బాజా ఆగకూడదు, బండి చప్పుడూ ఆగకూడదు, ఇంజన్ ఆపడం అపశకునం. ఎడమ కాలు క్లచ్ మీదే, సగం నొక్కి, సగం వదిలి. గాలి ఆడని ఇంజన్ ఎండలో ఉడుకుతోంది. కాలిన క్లచ్ వాసన బంతిపూల వాసనలో కలిసి వస్తోంది.

ఆ రబ్బరు ఎందుకరిగిందో అప్పుడు తెలిసింది. మూడు వేల కిలోమీటర్లు నిజమే. ఆ కిలోమీటర్లు నడిచింది మాత్రం మనిషి అడుగులతో పోటీగా. వీధి చివరి నుంచి మండపానికి రెండు మూడు గంటలు, ఇన్నేళ్ల ముహూర్తాలన్నీ. మీటరు కదలలేదు గాని ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉంది. పరుగు కోసం తయారైన యంత్రం బహుశా రెండో గేరుని కూడా పెద్దగా చూసి ఉండదు. దీన్ని మీటరు చూసి కొనబోయానని తన మీద తనకే ఒళ్లు మండింది.

మండపం ఇంకా రెండు వీధుల దూరంలో ఉండగా బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. ఇంజన్ గుటకలు వేసి ఆగిపోయింది. గోపీచంద్ ఒక్క దూకు దూకి బానెట్ ఎత్తాడు.

"రేడియేటరు మూత ముట్టుకోబాక," అని ఆనందరావు జనాన్ని తోసుకుంటూ అరిచాడు. డప్పుల్లో వినపడక గోపీచంద్ మూత తిప్పేశాడు. ఉడికిన నీళ్లు అతని కుడిచేతి మీదికి చిమ్మాయి. ఆనందరావు అతన్ని పక్కింటి అరుగు మీద కూర్చోబెట్టి చేతిమీద చల్లనీళ్లు పోయించాడు.

ధనుంజయరావు పట్టు పంచె ఎత్తి పట్టుకుని వచ్చాడు. ఆనందరావుని చూసి ఎందుకొచ్చావని అడగలేదు. "దేవుడే పంపాడయ్యా నిన్ను. ముహూర్తం దాటిపోద్ది. ఏదో ఒకటి చెయ్యి."

"ఇప్పుడు స్టార్ట్ చేస్తే ఇంజన్ పట్టేసి బిగుసుకుపోద్ది. వాళ్లని దింపి నడిపించండి."

"పెళ్లికూతుర్ని నడిపిస్తావా? ఏం మాటయ్యా అది. కుర్రాళ్లు తోస్తారు, నువ్వు స్టీరింగు పట్టు."

ఇంజన్ ఆగాక ఆ బండి స్టీరింగు రాయిలా ఉంటుంది. అలవాటు లేనివాడు తిప్పలేడు, గోపీచంద్ చెయ్యి పనికిరాదు. ఆనందరావు మోకాళ్లు పట్టుకుని ఆ గుంట సీట్లోకి దిగాడు. వెనక కుర్రాళ్లు హోరుమంటూ తోశారు. పెళ్లికొడుకు చెప్పు భుజానికి తగులుతోంది.

మలుపు దగ్గర బలమంతా పెట్టి స్టీరింగు తిప్పాడు. బరువుగా ఉంది, కానీ శుభ్రంగా తిరిగింది. ఎక్కడా వదులు లేదు. గతుకులో పడి లేచినప్పుడు ఒక్క కీలు కిర్రుమనలేదు. వదిలితే చక్రాలు తమంతట తామే తిన్నగా వచ్చాయి. అరచేతులకి బండి సంగతి తెలిసిపోయింది. దీని ఎముకలు బంగారం. ఇంజన్ దింపి, హెడ్డు సాన పట్టి, క్లచ్ మార్చి, ఓ ఏడాది దీంతో కూర్చుంటే ఇది మళ్లీ పరుగెత్తే బండి అవుతుంది. ఉత్త డొక్కు బండి అయినా బాగుండేది, దిగి వెళ్లిపోయేవాడు.

పెళ్లి పీటల సందడి లోపలికి పోయాక ధనుంజయరావు కారు పక్కకి వచ్చాడు. మొహంలో మునుపటి గొప్పలు లేవు.

"నేను చెప్పిన దాంట్లో సగానికిస్తా. తీసుకుపో. నీకంటే బాగా దీన్ని చూసేవాడు లేడు."

"పెళ్లిళ్లకి తిరుగుద్దని ఒక్క మాట చెప్పలేదేందయ్యా?"

ఆయన నిజంగానే విస్తుపోయాడు. "అది తిరగడమా? ఈ వీధి నుంచి ఆ వీధికి." గొంతు తగ్గించాడు. "ఇంకొకటుంది. మా చెల్లెలి కూతురు యశస్విని పెళ్లి శుక్రవారం. ఆ తర్వాత శ్రావణంలో రెండు. మాటిచ్చా. కారు నీదే, ఆ మూడు రోజులు మాత్రం పంపాలి. మళ్లా ఎవరన్నా మొహమాటపెడితే, అది నీ ఇష్టం."

ఆనందరావు బానెట్ మీద చెయ్యి వేశాడు. ఇంకా కాలుతోంది. సగం ధరైతే తన చేతికి అందుతుంది. హెడ్డు, క్లచ్ తన చేతి పనులే. కానీ శుక్రవారానికి తిరగాలి, శ్రావణానికి తిరగాలి. మూడు పెళ్లిళ్లు మూడుతో ఆగవు, కాదనే మొహం తనకీ లేదు. అతుకు వేసి పంపే బండ్లలో ఇదొకటవుతుంది. ఒక్కటే తేడా, దీన్ని తన డబ్బులతో తెచ్చుకోవాలి.

"నాకొద్దయ్యా."

"ఇన్నిసార్లు చూసి వద్దంటావేంది? సగానికిస్తానంటుంటే."

"ఊరికే ఇచ్చినా వద్దు. ఆ మూడు పెళ్లిళ్లు నాకొద్దు."

"మాటిచ్చానయ్యా నేను."

"మీ మాట మీరు నిలబెట్టుకోండి. తప్పంటన్నానా?"

ధనుంజయరావు కండువాతో మెడ తుడుచుకున్నాడు. కోపం వచ్చినట్టే ఉంది గాని శుక్రవారం దగ్గర పడింది. "పోనీ కొనబాక. క్లచ్ వేసి, ఆ నీళ్ల సంగతి చూసిపెట్టు. రేపే ట్రాలీ మీద మాచర్ల పంపిస్తా."

ఇన్నేళ్లుగా అలవాటైన మాట నోటిదాకా వచ్చింది. పంపండి, సాయంత్రానికి తిరుగుద్ది. ఆ మాటని మింగాడు.

"పంపండి. ఇంజన్ మొత్తం విప్పుతా. అయినప్పుడు చెప్తా. పెళ్లి తేదీలు మాత్రం నా దగ్గర ఎత్తొద్దు."

"తేదీ లేకుండా పనేందయ్యా? శుభలేఖలు అచ్చయినాయి."

"అయితే పంపొద్దు."

లోపల తలంబ్రాలకి పిలుస్తున్నారు. ధనుంజయరావు కారు వంక, మండపం వంక మార్చి మార్చి చూస్తుంటే ఆనందరావు బస్టాండు వైపు నడిచాడు. అరచేతుల్లో ఆ స్టీరింగు బరువు ఇంకా అలాగే ఉంది. రెండు చేతులూ పంచెకి గట్టిగా రుద్దుకున్నాడు. పోలేదు.