పురిటి గదికి వియ్యంకుడి వైరు

మా బిడ్డ పురిటి మంచం దిగి వచ్చి, ముందు స్విచ్చి ఆపింది. తర్వాత గోడకు కొట్టిన వైరును రెండు చేతులతో పట్టి పీకేసింది. క్లిప్పులు ఊడి టపటపా రాలాయి. ఆ వైరును తెచ్చింది ఆమె మామ, అంటే మా వియ్యంకుడు. ఆయన రెండడుగుల దూరంలోనే నిలబడి ఉన్నాడు. బాలింత మంచం దిగి తిరగకూడదన్న నియమం ఒకటి, మామ ఎదుట గొంతు లేపకూడదన్న నియమం ఇంకొకటి. రెండూ ఒకే నిమిషంలో పోయాయి.

"మామా, గీ వైరు నా పిల్ల గదిల వద్దు" అన్నది.

ఆ మాట అంతకుముందే అనాల్సింది నేను.

ఇది అర్థం కావాలంటే పిల్ల తూకం దగ్గర మొదలుపెట్టాలి. మనుమరాలు నెలలు నిండకుండానే పుట్టింది. జనగామ దవాఖానలో కొన్నాళ్లు అద్దాల పెట్టెలో ఉంచి, ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ రెండు మాటలు చెప్పింది. గది ఎప్పుడూ ఒకే తీరుగా వెచ్చగా ఉండాలి. వచ్చే పరీక్షకల్లా తూకం పెరగకపోతే మళ్లీ పెట్టెలో పెట్టాల్సిందే. మా ఆవిడ కుంపటి మాట ఎత్తితే "పొగ పనికిరాదు" అని ఆ దారీ మూసేసింది. బయట డిసెంబరు చలి.

హీటరు కొన్నాం. దానికి వేడిని కనిపెట్టే డబ్బా ఒకటి పెట్టించమని సలహా ఇచ్చింది మా ఎలక్ట్రీషియన్. అతనికి కోళ్ల ఫారాల్లో ఎక్కువ పని.

"గది వేడెక్కితే అదే బందైతది సార్, సల్లబడితే అదే చాలూ అయితది. ఫారంల పిల్లలకు గిదే పెడ్తం."

మా ఆవిడకు కోపం వచ్చింది. "నా మనుమరాలు నీకు కోడిపిల్ల లెక్క కనబడుతున్నదా తమ్మీ?"

"అట్ల గాదమ్మా, కోడిపిల్ల శానా నాజూకు. జర సల్లగాలి తగిలిందంటే పొద్దుగాల్లకు..." అని, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. ఆగిన చోటే మా బిడ్డకు విషయం అర్థమైంది. డబ్బా పెట్టాల్సిందేనని మంచం మీది నుంచే తీర్పు చెప్పింది.

హీటరు తీసుకునే కరెంటంతా ఆ డబ్బా గుండానే పోవాలి కాబట్టి వైరు గట్టిది కావాలి. అతను చీటీ మీద రాసిచ్చాడు: రెండున్నర ఎంఎం, రాగి, మూడు తీగలది. నేను చీటీ జేబులో పెట్టుకుని, మర్యాద కోసం వియ్యంకుడికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. ఈ కథలో అసలు తప్పు అదే.

"కొనకు బావా. వైరు నేను తెస్తున్న" అన్నాడాయన.

మర్నాడు పొద్దున తన ఊరు కాటారంలో బస్సెక్కి, భూపాలపల్లిలో మారి, భుజాన వైరు చుట్టతో మా ఊళ్లో దిగాడు. తండ్రి తరపు నుంచి పిల్లకు వచ్చిన మొదటి కానుక అది. కానుకను నేల మీద పెట్టకూడదని మా ఆవిడ దాన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. నేను నిలబడ్డాను.

"గీ వైరు మీద ఐదు హార్స్‌పవర్ మోటరు పన్నెండేండ్లు నడిచింది బావా. గింతంత హీటరు నడువదా?"

ఆయన మీద నాకు కోపం లేదు. ఆ వైపు మనుషులు కరెంటును ఇంట్లో కాదు, బోరు దగ్గర నేర్చుకుంటారు. బల్బు నుంచి ఫ్రిజ్ దాకా దేన్నైనా మోటరు పక్కన నిలబెట్టి కొలుస్తారు. ఆ కొలతలో మా హీటరు నిజంగానే చిన్నది.

నేను చీటీ తీసి చూపించాను. ఆయన శ్రద్ధగా చదివాడు.

"మూడు తీగలే గదా. నా దాంట్ల గూడ మూడే ఉన్నయ్."

"రాగి అని రాసిండు బావా."

"మోటరుకు లేని రాగి పిల్లకెందుకు?"

అది అల్యూమినియం వైరు. చుట్ట విప్పితే అతుకులు ఏడు కనిపించాయి. కొన్నింటికి టేపు, కొన్నింటికి సైకిల్ ట్యూబు ముక్కలు, ఒకదానికి యూరియా సంచి కవరు. నేను ఎలక్ట్రీషియన్ వైపు చూశాను. అతను వియ్యంకుడి వైపు చూశాడు.

"నడుస్తది బాపూ, ఎందుకు నడువది" అన్నాడు. తర్వాత నన్ను వంటింటి వైపు పిలిచి, "అతుకులే జర డేంజర్ సార్. మీరే చెప్పున్రి" అన్నాడు.

నేను చెప్పలేదు. మహబూబాబాద్‌లోనూ భూపాలపల్లిలోనూ ఏళ్ల తరబడి పేపరుకు వార్తలు రాసినవాడిని. నేను రాసిన అగ్నిప్రమాదాలన్నీ షార్ట్ సర్క్యూట్ వల్లే జరిగినట్టు ప్రాథమికంగా తెలిసింది. అదెలా జరుగుతుందో నేను ఏ అధికారినీ అడగలేదు, ఏ అధికారీ చెప్పలేదు. ఇరుపక్షాల వాదన రాసి పేరా ముగించడం అలవాటైన చేతికి సొంత ఇంట్లోనూ ఇరుపక్షాలే కనిపించాయి. ఒక పక్క ఏడు అతుకులు, ఇంకో పక్క వియ్యంకుడు. వియ్యంకుడే గెలిచాడు.

మధ్యాహ్నానికి వైరు గోడెక్కింది. హీటరు ఎర్రబడింది. అందరం సంతోషించాం. కాసేపటికి డబ్బా "టక్" మంది, హీటరు ఆరిపోయింది.

"కరెంటు పోయింది" అన్నది మా ఆవిడ. పైన ఫ్యాను లేదు కాబట్టి తిరుగుతున్నదో లేదో చూసే వీలు లేదు.

"కరెంటు గాదు చెల్లె, డబ్బా ఖరాబున్నది" అన్నాడు వియ్యంకుడు. "తమ్మీ, దాన్ని తీసెయ్. డైరెక్ట్ ఇయ్యి."

డైరెక్ట్ ఇవ్వడమంటే మధ్యలో ఉన్న పరికరాన్ని తప్పించి తీగకు తీగ కలపడం. మా జిల్లాల్లో ఫ్యాన్లు, స్టార్టర్లు, కూలర్లు సగం అలాగే బతుకుతున్నాయి. మనిషిని కాపాడటానికి దేన్ని పెట్టారో అదే అందరికీ అడ్డం కనిపిస్తుంది, దాన్నే ముందు తీసేస్తారు. గది వేడెక్కింది కాబట్టి డబ్బా తన పని తాను చేసిందని, ముందు విన్న మాకెవరికీ తట్టలేదు, ఆ మాట చెప్పినవాడికే తెలుసు. ఆ తెలిసినవాడు స్క్రూడ్రైవర్ తీసి "సరే బాపూ" అన్నాడు.

డబ్బా పక్కకు పోయింది, హీటరు మళ్లీ వెలిగింది. ఈసారి ఆపేవాళ్లు లేరు. గది వేడెక్కుతూ పోయింది. పిల్ల ముఖం కందింది. తొట్టె వెనక గోడ మీది అతుకు దగ్గర నుంచి రబ్బరు కాలిన వాసన వచ్చింది. నేను ఆ వాసన ఎక్కడి నుంచి వస్తున్నదని అడగబోతున్నాను. నా బిడ్డ అడగలేదు, లేచింది.

తర్వాతిది తొందరగానే జరిగింది. నేను బజారుకు పోయి చీటీ ప్రకారం వైరు తెచ్చాను. పొద్దుగూకక ముందే ఎలక్ట్రీషియన్ డబ్బాను మళ్లీ పెట్టి, చాలా సంతోషంగా, "నేను మొదాల్నే చెప్పిన గద సార్" అన్నాడు. వియ్యంకుడు వాకిట్లో కూర్చుని తన వైరును మోచేతికి చుట్టుకుంటూ ఛాయ్ తాగాడు.

"పన్నెండేండ్లల్ల మోటరు ఎన్నడు గిట్ల మాట్లాడలే బావా" అని ఒక్క మాటన్నాడు. చుట్ట భుజాన వేసుకుని బస్సుకు పోయాడు. దాన్ని వదిలిపెట్టి పొమ్మని అడగడానికి నాకు నోరు రాలేదు. తీసుకుపొమ్మని చెప్పడానికీ రాలేదు.

పరీక్షకు తీసుకుపోతే తూకం కొంచెం పెరిగింది. మళ్లీ పెట్టెలో పెట్టనక్కర లేదన్నది డాక్టరమ్మ. ఇంకా పెరగాలి కాబట్టి చలి పోయేదాకా పిల్ల ఎక్కడున్నా గది ఇలాగే ఉండాలని కూడా అన్నది.

మూడో నెలలో పిల్లను కాటారం పంపాలి, అది ఆనవాయితీ. అక్కడ అడవి పక్క పొద్దుటి చలి మా చలికి పెద్దన్న. మా బిడ్డ మామకు ఫోన్ చేసి, బాగోగులు అడిగి, చివర "ఆడ పిల్ల గదికి ఏ వైరు ఏస్తున్నరు మామా?" అన్నది.

"సూద్దాం బిడ్డా" అన్నాడాయన.

ఆ తర్వాత రెండుసార్లు ఫోన్ చేశాడు. పిల్ల పాలు తాగుతున్నదా అని అడిగాడు, వైరు మాట రాలేదు. ప్రయాణానికి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. కాటారంలో ఆ గదికి ఇప్పటికి ఏ వైరూ పడలేదు.