మోచేతి పైన తెల్లగాజులు

మాచర్ల దగ్గర బండలు కోసే ఫ్యాక్టరీలో నేను గుమాస్తాను. బడి చదువు పదితో ఆగినా, శాఖా గ్రంథాలయంలో కార్మిక చట్టాల పుస్తకాలు సైతం వదలకుండా చదివినవాణ్ణి. కోత మిషన్లో ఒకామె కొంగు చిక్కుకుని త్రుటిలో ప్రాణం దక్కినప్పుడు, నోటీసు రాసే పని యజమాని నాకే అప్పగించాడు. "వదులు దుస్తులు, గాజులు, గొలుసులతో ఎవరూ పనిలోకి రారాదు" అని రాశాను. నా వాక్యం నేనే రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను.

అక్కడ పనిచేసే ఒక లంబాడీ ఆమె తండా నుంచి రోజూ ఆటోలో వచ్చేది. అద్దాలు కుట్టిన లంగా, రవిక, మోచేతుల పైదాకా తెల్లగాజులు. భర్త ఒకప్పుడు ఇక్కడే బండలు కోసి, ఆ దుమ్ముకు ఊపిరి చెడి మంచాన పడ్డాడు. ఆమె కూలి మీదే ఇల్లు నడుస్తోంది.

పనివాళ్లందరికీ నోటీసు చదివి వినిపించాను.

"లంగా మానేసి చీర కట్టి, కొంగు బిగించి దోపుకొస్తా సారూ. గాజులు మాత్రం తియ్యలేను."

"ఇక్కడ తీసెయ్. ఇంటికెళ్లి మళ్లీ ఏసుకో."

పక్కనున్న ఇంకొకామె నవ్వింది. "ఏంది సారూ, అయ్యేమన్నా చేతివాచీ అనుకున్నావా?"

అందరి ముందూ ఆ మాట పడేసరికి నాకు ఒళ్లు మండింది. "గాజులుంటే పని లేదు" అన్నాను.

మర్నాడు ఆమె రాలేదు. ఆ మర్నాడు ముతక చీరలో వస్తే నేను గుర్తుపట్టలేదు. గాజులుండే చోట చర్మం పాలిపోయి, అక్కడక్కడా గీరుకుపోయి ఉంది.

"తీశావుగా" అన్నాను.

"తీస్తే వచ్చేయి కాదు సారూ. పెళ్లినాడు ఏసినయ్. పగలగొట్టించా. మా వాళ్లల్లో మొగుడు పోయినాకే పగలగొట్టేది. 'నేనింకా ఉండానే' అన్నాడు మా ఆయన. అప్పట్నుంచి నా చేతి బువ్వ ముట్టట్లా."

అని యార్డులోకి వెళ్లి బండలు పేర్చసాగింది. చానా ఏళ్లుగా ఆమె పని అదే. మిషన్లు గోడకు అవతల ఉన్నాయి. వాటి దగ్గరికి ఆమె వెళ్లే పనే లేదు. నోటీసు రాసేటప్పుడు నాకది తట్టలేదు.

సాయంత్రం యజమానిని ఒప్పించి, యార్డు పనివాళ్లకు గాజుల నిబంధన వర్తించదని ఒక వాక్యం చేర్చాను. వెళ్లి ఆమెకు చదివాను.

"మంచిది సారూ. మా కోడలు పనికొస్తానంటంది, గాజులు తియ్యక్కర్లేదని చెప్తాలే" అని ఇంకో బండ ఎత్తుకుంది.

వాళ్లాయన అన్నం తిన్నాడా అని అడగడానికి నాకు నోరు రాలేదు.