నాన్నల్ని సొరంగంలోకి పంపిన ఆట

మొన్న ఆదివారం మా అమ్మాయి, దాని స్నేహితులు హాల్లో చాప పరుచుకుని, రకరకాల ముఖాలున్న పాచికలు దొర్లిస్తూ ఆడుకుంటున్నారు. ఒకడు కత్తివీరుడట, ఇంకొకతె మంత్రగత్తెట. ఉన్నట్టుండి ఒక పిల్ల "అయ్యో, నేను చచ్చిపోయా!" అని పకపకా నవ్వి, చిప్స్ పాకెట్టు విప్పుకుంది. కాఫీ కప్పుల పళ్లెం పట్టుకొస్తున్న నేను గుమ్మంలోనే ఆగిపోయాను. "ఏంటమ్మా, ఆటే కదా" అంది మా అమ్మాయి. ఆటేనని నాకు తెలీదూ! దానికి బామ్మలాంటి ఆటని, సగం కాగితాలు పోయినదాన్ని, ఎనభైల్లో ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో, మా రైల్వే క్వార్టర్ వరండాలో మేం ఆడాం. అలా నవ్వుతూ చావడం మాత్రం మాకు చేతకాలేదు.

ఆ ఆటని తెచ్చింది మా బావ. ఖరగ్‌పూర్‌లోనే, పూరీ గేట్ దగ్గర ఉండేవాడు. మావయ్య ఒక కాలేజీ హాస్టల్ మెస్‌లో పనిచేసేవాడు, అక్కడ ఏ కుర్రాడో గది ఖాళీ చేస్తూ పారేసిన జిరాక్సు కాగితాలు బావ చేతికొచ్చాయి. రాక్షసులు, మంటలు కక్కే పాములు, సొరంగాలు. ఇంగ్లీషు మాకు అంతంతమాత్రం, కాగితాలు అంతకన్నా అంతంతమాత్రం. ముందున్నవీ వెనకున్నవీ లేవు. లేనివన్నీ మేమే కల్పించుకున్నాం. అన్ని ముఖాల పాచికలు ఎక్కడ దొరుకుతాయి? లూడో పాచికలతోనే సరిపెట్టాం. కథ నడిపేవాడికి ఏదో గొప్ప పేరుంది గానీ, బావ దాన్ని తీసేసి తనని 'కంట్రోల్' అని పిలవమన్నాడు. రైళ్లన్నిటినీ ఫోన్లో నడిపించే ఆఫీసుని మా వాళ్లు అలాగే అనేవారు. దాని మాటకి తిరుగులేదు. బావకి కావలసింది కూడా అదే. సొరంగంలోకి ఒక జట్టు వెళ్తే, అది బయటికొచ్చేదాకా ఇంకో జట్టు వెళ్లకూడదని కూడా రూలు పెట్టాడు. ఒకే పట్టా మీద ఎదురెదురుగా రెండు బళ్లు వస్తే ఏమవుతుందో మా కాలనీలో చంటిపిల్లలకి కూడా తెలుసు.

చిక్కంతా వీరుల దగ్గరొచ్చింది. "ధైర్యవంతుణ్ణి తెచ్చుకోండి" అన్నాడు బావ. కత్తులూ కవచాలూ మేమెక్కడ చూశాం? మాకు తెలిసిన ధైర్యవంతులు మా నాన్నలే. నేను మా నాన్నని తెచ్చుకున్నాను, గూడ్స్ బండి గార్డు. పక్క క్వార్టర్ అక్క వాళ్ల నాన్నని తెచ్చుకుంది, ఇంజను డ్రైవరు. వాళ్లు క్రిస్టియన్లు, మేము హిందువులం, అయినా నేను ఆయన్ని బాబాయ్ అనేదాన్ని. ఇద్దరు నాన్నలూ కలిసి వెళ్తుంటే సొరంగంలో మాకు భయమేమిటి అనుకున్నాం. ఎంత తెలివితక్కువ పని చేశామో ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం. నాన్న బండితో లైన్లో ఉన్నాడు. బాబాయి అంతకుముందే డ్యూటీ దిగి లోపల గురకపెట్టి నిద్రపోతున్నాడు. సొరంగం చివర పాము లేచింది, నేను పాచికలు వేశాను. పడకూడనివే పడ్డాయి. బావ గొంతు బొంగురు చేసుకుని, "గార్డు సచ్చిపోనాడు" అన్నాడు. నేను నోరు తెరిచి ఏదో అనబోయేలోగా ఇంజన్ల షెడ్డు వైపు నుంచి సైరన్ మోగింది. షిఫ్టులు మారే హూటరు వేరు. ఇది ఆగి ఆగి, పొడుగ్గా మోగుతుంది. లైన్లో ఎక్కడో బండి పట్టా తప్పి పడిందనీ, సాయానికి వెళ్లే బండిని కట్టమనీ దాని అర్థం.

ఆ సైరన్ వినపడితే ఆడవాళ్లందరూ వరండాల్లోకి వస్తారు. కానీ ఎవరి మనిషి లైన్లో ఉన్నాడో ఆ ఇంటివైపు ఎవరూ చూడరు. చూస్తే 'మీ ఆయనేనా' అని అడిగినట్టవుతుందని. ఆ రోజు మా ఇంటివైపు ఒక్కరూ చూడలేదు. అమ్మ బియ్యం చేట పట్టుకుని గుమ్మంలో నిలబడింది, ఏరడం లేదు, లోపలికీ వెళ్లడం లేదు.

నేను బావ చొక్కా పట్టుకున్నాను. "రూలు మార్చీ బావా, మా నాన్నని బతికించీ!"

"పడింది పడినట్టే. కంట్రోల్ మాట తిప్పితే అదేటి కంట్రోలు?" అన్నాడు గానీ, వాడి పెదాలు కూడా తెల్లబడ్డాయి.

అప్పుడు అక్క అడ్డం వచ్చింది. "సచ్చిపోనాక ఏటవుతాదో నీ కాయితాల్లో ఉందేటి? లేదు కదా. మనమే పెట్టుకుందాం. గార్డు సావలేదు, సిక్‌లో ఉన్నాడు. రైల్వే డాక్టరు ఫిట్ ఇస్తే మళ్లీ డ్యూటీకొచ్చేస్తాడు." రైల్వేలో ఒంట్లో బాగులేకపోతే సిక్, నయమైతే ఫిట్. అంత సులువైన దారి ఉందా అని నాకు ఏడుపు ఆగిపోయింది. బావ, "ఠీక్ హై. కానీ ఒకడు సిక్ అయితే వాడి బదులు ఇంకొకడు డ్యూటీ ఎక్కాలి. ఎవలెక్కుతారు?" అన్నాడు. అక్క ఒక్క క్షణం కూడా ఆగలేదు. "మా నాన్నని ఎక్కించీ" అంది.

ఆ మాట ఇంకా గాల్లోనే ఉంది, వానలో సైకిల్ బెల్లు మోగింది. డ్యూటీకి పిలుపు తెచ్చే, మేం దాదా అనే బెంగాలీ ఆయన పక్క గేటు ముందు దిగి, "డ్రైవర్ సాబ్, జల్దీ!" అని కేకేశాడు. సాయం బండికి డ్రైవరు కావాలి, దగ్గర్లో దొరికినవాడు బాబాయి. ఆయన నిద్ర కళ్లతో బయటికొచ్చి, గుండీలు పెట్టుకుంటూనే సైకిలెక్కేశాడు. అక్క లేచి నిలబడింది. దాని గోళ్లు నా చేతిలోకి దిగిపోయాయి.

నాన్న సందె వేళకి, వెనక్కి వస్తున్న ఏదో ఇంజనెక్కి వచ్చాడు. తడిసి ముద్దై, చంకలో జెండాలతో. "పడింది ముందెల్లిన బండి. మమ్మల్ని ఎనక స్టేషన్లో ఆపేసినారు. అన్నం ఉందేటి?" అన్నాడు. అమ్మ అప్పుడు చేట కింద పెట్టింది. నేను నాన్న కాళ్లకి చుట్టుకుపోయాను. అక్క మా నాన్న వంక చూడనైనా చూడలేదు, గేటు వంకే చూస్తూ కూర్చుంది. వాళ్లమ్మ ప్రార్థనకి పిలిస్తే వెళ్లలేదు, అన్నానికి పిలిస్తే వెళ్లలేదు.

బాబాయి తెల్లారాక వచ్చాడు. ఒళ్లంతా బురద. అక్క ఎదురు పరుగెత్తి ఆయన పొట్ట మీద పిడికిళ్లతో బాదింది. "ఎందుకెల్లినావు? పిలిస్తే ఎల్లిపోడమేనా?" ఆయనకి ఏమీ అర్థం కాక, "ఏటే, నానేటి సేసినాను?" అని నవ్వాడు. అది ఇంకా గట్టిగా కొట్టింది.

మర్నాడు అక్క ఒకటే అంది, "ఇంక ఆటలో ఎవల నాన్నలూ ఉండకూడదు." బావ వెంటనే ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లెవరూ లేని రాజకుమారుల్ని తయారు చేశాం. వాళ్లు హాయిగా చచ్చిపోయేవారు, మాకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. దసరా పూజా సెలవులు వచ్చేసరికి ఆట మానేశాం.

నాన్న రిటైరయ్యాక చాన్నాళ్లు బతికి, మంచం మీదే, మా అందరి మధ్యా పోయాడు. ఏడ్చాను గానీ భయపడలేదు. నా భయమంతా ఆ ముసురు రోజే ఖర్చయిపోయిందేమో. అప్పటి నాన్న కన్నా ఇప్పుడు నేనే పెద్దదాన్ని, అయినా ఆ ఒక్క మధ్యాహ్నం నాకింకా గడవలేదు.