గోవిందప్ప వకీలు పొడిగించిన సెలవు

మొదటే చెప్పేస్తున్నాను, నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు లేదు. మా గురుబరపల్లిలో మేక ఈనిందన్న కబురు నా నోటి మీదుగా హోసూరు చేరేసరికి ఆ మేక గేదె అయి, కవలల్ని కని ఉంటుంది. కాబట్టి నేను గజం అన్న చోటల్లా మీరు జానెడు అనుకోండి. అయితే నిన్న మధ్యాహ్నం జరిగినదాంట్లో పెంచడానికేమీ లేదు. అత్తిముగం కక్షిదారు ఒకాయన సంతలో కొన్న ఎండుచేపల సంచిని నా ఆఫీసు బెంచీ మీద మరచిపోయి వెళ్లాడు. భోజనం చేసి వచ్చి తలుపు తీయగానే ఉప్పు వాసన కొట్టింది. ఇక్కడికి సముద్రం ఎన్నో గంటల బస్సు ప్రయాణం. సంచి కనిపించింది, చేపలని తెలిసింది, అయినా నా కాలు గడప దాటలేదు. కళ్లు బెంచీ కింద నేలను వెతికాయి, తడి ఉందేమోనని. "ఏం సార్, పాము గానీ వచ్చినాదా?" అంది మా టైపిస్టమ్మ. గోవిందప్ప గారు గుర్తొచ్చారని ఆమెకెలా చెప్పను?

తొంభైల మధ్యలో లా చదువు ముగించి నేను ఆయన దగ్గర జూనియరుగా చేరాను. అప్పటికే ఆయనకు డెబ్బై దాటాయి. ఆయన నల్లకోటు ఎంత వదులంటే అందులో ఆయనతోపాటు ఇద్దరు సాక్షులు కూడా దాక్కోవచ్చు. ఆఫీసులో కేసు కట్టలు కృష్ణగిరి కొండంత ఎత్తు ఉండేవి. మా కేసులు మాత్రం గట్టు తగాదాలు, మేకలు మేసిన చేను పంచాయితీలు. ఆ మనిషికి ఒక వింత అలవాటు ఉండేది. కిటికీ పక్కనున్న బెంచీ ఎడమ కొసన ఎవరినీ కూర్చోనిచ్చేవారు కాదు. ప్రతి శనివారం సరిగ్గా మధ్యాహ్నం సొరుగు తెరిచి, పసుపు పచ్చబడిన ఒక అట్టముక్క బయటికి తీసేవారు. తెల్లకాగితం మీద ఒక్క వాక్యం రాసి, తేదీ వేసి, సంతకం చేసి, ముద్ర కొట్టి, దాన్ని ఆ అట్టముక్క కింద పెట్టేవారు. మూడు నెలలు చూసి చూసి అడిగాను.

"ఏం సార్ అది?"

"లీవు పొడిగింపు."

"ఎవరికి సార్?"

"ఓడ మనిషికి."

"హోసూరులో ఓడ యాడిది సార్?"

"లేదు కాబట్టే కదప్పా పొడిగించేది," అని సొరుగు మూసేశారు.

ముసలాయనకు చాదస్తమనుకున్నాను. మరుసటి ఏడు ఎండాకాలంలో ఆయనకు జ్వరం వచ్చి, ఒక శనివారం ఆఫీసుకు రాలేదు. ఆ రోజుల్లో మా వీధి కొళాయికి నాలుగు రోజులకొకసారి నీళ్లు. కూజాలో కూడా చుక్క లేదు. మిట్టమధ్యాహ్నం నేనొక్కడినే కూర్చుని ఒక దావా ప్లెయింటు రాసుకుంటున్నాను. ఉన్నట్టుండి తడిసిన మోకు వాసన వచ్చింది. తలెత్తితే బెంచీ ఎడమ కొస కింద నీళ్లు, మోకాలి లోతున. సరే, మోకాలి లోతు కాదు. రెండు పాదాల మేర. కానీ పాదాలే: వేళ్లతో సహా, మడమలు బెంచీ వైపు, వేళ్లు నా వైపు. వాకిట్లోంచి లోపలికి వచ్చిన అడుగులు లేవు. అక్కడ కూర్చున్నట్టు అవి రెండే ఉన్నాయి. నేను వీధిలోకి పరిగెత్తాను. చాలాసేపటికి తిరిగి వచ్చి నా తువ్వాలుతోనే ఆ తడి తుడిచాను. ఆరిన చోట నేల మీద తెల్లగా ఉప్పు పూసింది.

మరునాడు తువ్వాలు తీసుకుని గోవిందప్ప గారి ఇంటికి పోయాను. ఆయన మంచం మీద లేచి కూర్చుని దాన్ని వాసన చూశారు. భయపడలేదు. వేళకు రావలసిన బంధువు వచ్చిపోయాడని విన్నట్టు తలూపారు.

"ఈ వారం రాయలేదు కదా. ఉండొచ్చునా, పోవాల్నా అని కనుక్కోను వచ్చుంటాడు," అన్నారు. సొరుగులోని అట్టముక్క తెప్పించుకుని, వాక్యం రాసి, ఒకరోజు వెనక తేదీ వేశారు. నేనెరిగినంతలో ఆయన చేసిన దొంగ కాగితం అదొక్కటే. నేను ఇంకేమీ అడగలేదు. ఆ తరువాత ఎన్ని శనివారాలు గడిచినా ఆ బెంచీకి వీపు పెట్టి కూర్చోలేదు.

ఇరాక్‌లో రెండోసారి యుద్ధం మొదలైన ఏడు, అంచెట్టి నుంచి మునియమ్మ వచ్చింది. ఆమె కొడుకు మాదేశ విదేశీ సరుకుల ఓడలో వంటవాడు. గల్ఫు రేవులో ఓడ ఆగినప్పుడు కొన్ని గంటలు ఒడ్డు మీద తిరిగి రావడానికి సెలవిచ్చారట. ఆ సెలవులో మాదేశ టీ అంగట్లో తమ ఓడ సరంగును, అంటే కూలీల మీద పెద్దను, పళ్లు ఊడేలా కొట్టాడు. ఆ ఊరి పోలీసులు లోపల వేశారు. ఓడ ఏజెంటు మునియమ్మకు కాగితాలు పంపాడు. ఓడ మీద ఏ దేశపు జెండా ఉంటే ఆ దేశానిదే అధికారం, ఇది ఓడవాళ్ల గొడవ, ఈ ఊరి కోర్టుకు సంబంధం లేదు, కుర్రవాణ్ణి కెప్టెనుకు అప్పగించాలి అని అర్జీ పెట్టాలి. అర్జీ మీద మాదేశ ఎందుకో సంతకం పెట్టనన్నాడట. తల్లి పెట్టినా చాలునట.

"ఎట్లన్నా విడిపించు సామీ," అంది మునియమ్మ.

నాకు ఒళ్లు పొంగింది. మేకల మీద బతికిన నా చట్టజ్ఞానానికి సముద్రం దొరికింది. రెండు రోజుల్లో నలభై పేజీల అర్జీ రాశాను. సరే, పదకొండు. గోవిందప్ప గారికి అప్పటికి ఎనభై దాటాయి, కళ్లు సరిగా కనిపించవు. చదివి వినిపించాను. వింటూ వింటూ ఆయన ముఖం బెంచీ వైపు తిరిగిపోయింది.

"బాగా రాసినావప్పా. నేనూ ఇట్లే రాసినాను," అన్నారు. తరువాత ఇన్నేళ్లలో మొదటిసారి ఆ సంగతి చెప్పారు.

"నలభైల్లో, పెద్ద యుద్ధం నాటి మాట. మద్రాసులో నేను కొత్త వకీలుని. గ్రీసు ఓడ ఒకటి వచ్చినింది. యానిస్ అని, ఇరవై ఏండ్ల పిల్లోడు. ఆరు గంటలకంతా ఓడెక్కాల అని చీటీ ఇచ్చి ఒడ్డుకి దించినారు. సారాయంగట్లో తోటి ఓడవాణ్ణే కొట్టినాడు. మన కోర్టు శిక్ష వేస్తే మూడు నెలలు జైలు. నేను లేచి, కొట్టినోడూ ఓడవాడే, తిన్నోడూ ఓడవాడే, ఈ కేసు మీద మన మేజిస్ట్రేటుకి అధికారమే లేదని వాదించినాను. గెలిచినాను. అందరూ మెచ్చుకున్నారు."

"మరి ఆ పిల్లవాడు సార్?"

"వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. దండం పెడతాడనుకున్నా. విడవలేదప్పా. ఇద్దరు పోలీసులు వాడి వేళ్లు ఊడదీసి ఓడెక్కించినారు. పదోరోజు ఓడ మునిగిపోయిందని హార్బరు గుమాస్తా నా చెవిలో చెప్పినాడు. పేపర్లో రాయగూడదు అప్పుడు. ఒక్కరూ మిగల్లేదు." బెంచీ ఎడమ కొస వైపు వేలు చూపారు. "ఓడెక్కకుండా జైలుకి పోవాలనే కొట్టినాడప్పా వాడు. నాకు వాడి భాష రాదు. ఆ భాష వచ్చినోళ్లను పిలిచి ఒక్కమాట అడిగించలేదు నేను."

ఆ అట్టముక్క యానిస్ సెలవు చీటీ. కోర్టు ఫైలుతోపాటు ఆయన దగ్గరే ఉండిపోయింది. "చీటీ తిరిగి ఇస్తేనే సెలవు ముగిసినట్టు. ఇయ్యలేదు. చట్టప్రకారం వాడింకా ఒడ్డు మీదే ఉండాడు," అన్నారు.

"సరే, ఈ పిల్లోణ్ణి అడిగినావా?"

"వాళ్లమ్మనడిగినా సార్. విడిపించమంది."

"ఓడెక్కేది వాళ్లమ్మనా?"

శుక్రవారం పొద్దున హోసూరు బస్టాండు ఎదుటి ఎస్టీడీ బూతుకు మాదేశ ఫోను చేస్తాడని మునియమ్మ చెప్పింది. ముగ్గురం పోయాం. గోవిందప్ప గారు నా భుజం పట్టుకుని నడిచారు. బూతులో మునియమ్మ అడిగింది: "నాయనా, వకీలయ్య అడగమన్నాడు. నీకేం కావాల?"

అవతల గాలి శబ్దం. దాని మధ్య మాదేశ గొంతు నాకూ వినిపించింది. "ఆ అర్జీ పెట్టొద్దను మా. నేనే కావాలని కొట్టినా. నీళ్లలో బాంబులు పెట్టుండారంట. ఈడుంటే రెండు నెలలు జైలు, అంతే. ఆ ఓడ నేనెక్కను."

మునియమ్మ అర్జీ మీద వేలిముద్ర వేయలేదు. పదకొండు పేజీలూ గోవిందప్ప గారే అడిగి తీసుకుని చించారు. మరునాడు శనివారం. మధ్యాహ్నం ఆయన సొరుగు తెరిచి, చీటీ తీసి, కలం మూత పెట్టేశారు. ఏమీ రాయలేదు. నేను బెంచీ కింద చూస్తూ కూర్చున్నాను. ఒంటిగంట అయింది, రెండయింది. నేల పొడిగానే ఉంది. "ఈసారి అడిగినాము కదా, పోయినాడప్పా," అన్నారాయన నెమ్మదిగా. ఆ తరువాత ఎవరైనా ఆ కొసన కూర్చునేవారు. మరుసటి ఏడు ఆయన నిద్రలో పోయారు. చీటీని ఆయన కోటు జేబులో పెట్టి పంపించాం.

మాదేశ జైల్లో ఉండగా ఆ ఓడ నీటిబాంబు తగిలి మునిగింది.

లేదు. ఇది నేను కల్పించింది. మిగిలినదాన్ని సాగదీశాను గానీ, కల్పించింది ఈ ఒక్క ముక్కే. ఓడ మునగలేదు. సరుకు దించి, రంగు వేయించుకుని, క్షేమంగా తిరిగి వచ్చింది. ఆ సరంగుకు కొత్త పళ్లు కూడా కట్టించారట. ఇరవై ఏళ్లుగా ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ ఓడను ముంచుతూనే ఉన్నాను. మునగకపోతే గోవిందప్ప గారి మాటకు విలువ తగ్గుతుందేమోనని నా భయం. ఆ భయం అక్కర్లేదని మునియమ్మ అప్పుడే తేల్చేసింది, నేనే వినలేదు. మాదేశ అంచెట్టికి తిరిగొచ్చిన నెలలో నా దగ్గరికొచ్చి, రాగుల సంచి దించి, బాగా తిట్టింది.

"ఓడ బంగారంగా వచ్చిందంట కదప్పా. మావాడు ఊరికే రెండు నెలలు జైల్లో కూర్చున్నాడు."

"వాడు అడిగింది అదే కదమ్మా," అన్నాను.

ఆమె రాగుల సంచిని దగ్గరికి లాక్కుంది. "అవును, అదే అడిగినాడు," అని సంచి మూతి విప్పి, నాకు రాగులు కొలవడం మొదలుపెట్టింది.