విత్తనాల గది అలారం

1991 జనవరి. సౌదీ అరేబియాలో హాయిల్ పట్నానికి దూరంగా, గోధుమ పొలాలు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఒక పెద్ద వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉండేది. నేను అందులో లాండ్రీ పని చేసేదాన్ని. చదివింది మూడో తరగతి. మాది కడప జిల్లా, బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే ఇల్లు. దేశం మారినా నాకు పని మారలేదు.

లాండ్రీ అంటే మిషన్లో బట్టలు వేసి మీట నొక్కడమే అనుకుంటారు. శాస్త్రవేత్తలు వేసుకునే తెల్ల కోటును లేబ్ కోటు అంటారు. దానికి ఏ మందు అంటి ఉంటుందో తెలియదు గనక దుప్పట్లతో కలిపి ఉతకకూడదు. ముందు జేబులు తిరగెయ్యాలి. గింజలు దొరికితే కోటు మీది పేరు చూసి తిరిగి ఇచ్చెయ్యాలి. ఆఖరున జాడించిన నీళ్లను నేను వదిలేదాన్ని కాదు, తర్వాతి విడత నానబెట్టడానికి వాడేదాన్ని. ఎడారిలో ఉండి నీళ్లు పారబోసేవాళ్లను చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కేంద్రం కంచెకు ఆనుకుని ఒక చిన్న పల్లె. మట్టి గోడల ఇళ్లు, మేకలు, కాసిన్ని ఖర్జూరం చెట్లు. కంచె లోపల ఏం చేస్తారో పల్లెకు తెలియదు. పల్లెలో ఎవరుంటారో లోపలివాళ్లకు పట్టదు. నేను మాత్రం రోజూ పొద్దున మెస్సులో మిగిలిన రొట్టెలు సంచిలో వేసుకుని కంచె దగ్గర ఉమ్ సాలెంకు ఇచ్చేదాన్ని. ఉమ్ సాలెం అంటే సాలెం తల్లి అని. అక్కడ పెద్ద ఆడవాళ్లను కొడుకు పేరుతోనే పిలుస్తారు. రొట్టెలు ఆమె మేకలకు, బదులుగా నాకు చెంబెడు మజ్జిగ.

యుద్ధం వస్తోందనగానే తెల్లవాళ్లు, పెద్ద అధికార్లు వెళ్లిపోయారు. పోయేముందు ఒకాయన జీపులో పల్లెకు పోయి మైకులో చెప్పాడు. మా వైపు నుంచి సైరన్ మోగితే విషవాయువు వస్తున్నట్టు, ఇంట్లోకి పోయి కిటికీలకు ప్లాస్టిక్ కాగితం, టేపు అంటించుకోండి, మళ్లీ మేం చెప్పేదాకా తలుపు తియ్యకండి అని. అలా చెప్పి ఆయనా వెళ్లిపోయాడు. మళ్లీ చెప్పడానికి మనిషి లేడు.

మేం కొందరం మిగిలాం. వీసా ఇచ్చిన యజమానిని కఫీల్ అంటారు. మా పాస్‌పోర్టులు ఆయన దగ్గర ఉన్నాయి, మేం ఎక్కడికి పోతాం? జనరేటర్ చూసే రాజన్నది జగిత్యాల వైపు. అంత పెద్ద కేంద్రంలో నాతో తెలుగు మాట్లాడేది అతనొక్కడే. ఆఫీసు గదుల్లో సగం తాగిన టీ కప్పులు అలాగే ఉండేవి. కుర్చీకి వేలాడే కోటును చూస్తే ఎవరో వీపు తిప్పి కూర్చున్నట్టు ఉండేది. కోట్లన్నీ ఉతికేశాక ఖాళీగా కూర్చోలేక కిటికీ పరదాలు ఉతకడం మొదలుపెట్టాను.

ఒక పొద్దున పరదాలు పిండుతుంటే అలారం మోగింది. ఎంతసేపటికీ ఆగలేదు. రాజన్న దగ్గరికి పోయాను.

“ఏమప్పా రాజన్నా, అది అట్లా అరుస్తాంటే నీ చెవుల్లో పడ్లేదా?”

“పడ్డది అక్కా. విత్తనాల గదిది. డీజిల్ అడుగంటింది, జనరేటర్ బంద్ జేసిన. గా గది వేడెక్కితే గట్లనే మొత్తుకుంటది. బ్యాటరీ అయిపోతే గదే నోరు మూసుకుంటది.”

“ఆపేదానికి తాళంచెవి లేదా?”

“సారు జేబుల వెట్కొని లండన్ వాయె. ఫోన్ జేసి అడుగు.”

విత్తనాలు చెడిపోకుండా దాచే చల్లటి గదిని కోల్డ్ రూం అంటారు. దాని తలుపు సరిగా పడకపోయినా అలారం మోగేది. నాకది అలవాటైన మోతే. పైగా ఎప్పుడూ ఎవరో ఒకరు వెంటనే ఆపేసేవారు. నేను రొట్టెల సంచి తీసుకుని కంచె దగ్గరికి నడిచాను.

అక్కడ ఎవరూ లేరు. పాలు పితకని మేకలు పొదుగులు బిగిసి అరుస్తున్నాయి. పల్లెలో చాలామంది అప్పటికే హాయిల్‌లోని చుట్టాల ఇళ్లకు పోయారు. కోడలు బాలింత కావడంతో ఉమ్ సాలెం కుటుంబం ఒక్కటే మిగిలింది. కొడుకు నీళ్ల ట్యాంకరు మీద పోయి ఉన్నాడు. కంచె సందులోంచి దూరి వాళ్ల వాకిట్లోకి పోయాను. ఎండ బాగా కాస్తోంది. తలుపు సందుల్లో లోపలి నుంచి తడిగుడ్డలు కుక్కి ఉన్నాయి. కిటికీ అద్దం వెనక ప్లాస్టిక్ కాగితం, దాని వెనక కంబళి. వెనక అలారం మోగుతూనే ఉంది. అప్పుడర్థమైంది, వాళ్లు దాన్ని దేనిగా విన్నారో. తలుపు బాది నాకొచ్చిన అరబ్బీలో అరిచాను.

“ఉమ్ సాలెం! నేను, రొట్టెలదాన్ని. తలుపు తియ్యి. అది గ్యాసు సైరన్ కాదు.”

లోపలి నుంచి మందంగా ఆమె గొంతు. “విషగాలి లోపలికొచ్చేసింది. తలలు పగిలిపోతున్నాయి. కోడలు కక్కుకుంది. పసిది పాలు పట్టడం లేదు. ఇంకా టేపు వేస్తున్నాం.”

“కుంపటి పెట్టారా?”

“చలికి. పసిదాని కోసం.”

మా ఇంట్లో వానాకాలం తలుపులు మూసుకుని బొగ్గుల ఇస్త్రీపెట్టెతో పనిచేస్తే ఇలాగే తల దిమ్మెక్కి కక్కొచ్చేది. మా అత్త రెక్క పట్టి వాకిట్లోకి లాగేది. వీళ్లు బయటి విషానికి భయపడి లోపల విషం కాచుకుంటున్నారు. ఒంట్లో బాగాలేకపోయేకొద్దీ ఇంకా గట్టిగా మూసుకుంటున్నారు.

“బయట విషముంటే నేనెట్లా మాట్లాడుతున్నాను, ఉమ్ సాలెం?”

లోపల టేపు వేస్తున్న చప్పుడు ఆగింది. తర్వాత నెమ్మదిగా అంది. “నేనూ అదే ఆలోచిస్తున్నా. నువ్వు చచ్చిపోయి ఉంటావు. నీ గొంతుతో మాట్లాడేది ఏమిటో నాకు తెలియదు.”

ఒక్క క్షణం నా చెయ్యి నేనే ముట్టుకుని చూసుకున్నాను. జిన్నులనే దయ్యాలు దేవుడి పేరు పలకలేవని ఆమే ఒకసారి చెప్పింది. “బిస్మిల్లా” అన్నాను, గట్టిగా, మళ్లీ మళ్లీ. లోపల టేపు చిరుగుతున్న చప్పుడు మొదలైంది. కొంచెం చిరిగి ఆగిపోయింది. ఇక ఎంత పిలిచినా పలుకు లేదు.

నా కేకలకు రాజన్న పానా చేతిలో పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు గానీ వాకిలి బయటే ఆగిపోయాడు.

“అక్కా, ఆడోళ్లున్న ఇల్లు. నేను గడప దాటితే సీదా జైలే.”

“నిన్నెవురు దాటమన్నారు? ఆ పానా ఇట్లియ్యి. మొగం అట్ల తిప్పుకో.”

కిటికీ అద్దం పగలగొట్టి, ప్లాస్టిక్ కాగితం చీల్చి, కంబళి లాగేసి లోపలికి దిగాను. వేడిగాలి మొహానికి కొట్టింది. తలుపు దగ్గర ఉమ్ సాలెం పడి ఉంది, గోళ్లలో టేపు ముక్కలతో. తలుపు తీసి ముందు ఆమెను ఈడ్చాను. వెలుతురు పడగానే మూలనుంచి కోడలు అరిచింది. “చంపేశావు! మమ్మల్నందర్నీ చంపేశావు!” బయటి గాలి తగలకూడదని పసిదాని మొహాన్ని బొంతతో అదిమి పట్టుకుంది. కోడలి వేళ్లు ఒక్కొక్కటే విడదీసి బిడ్డను లాక్కోవాల్సి వచ్చింది. తల్లి దగ్గర బిడ్డను గుంజుకోవడం నా జన్మలో అదే మొదలు, అదే చివర.

బిడ్డ మొహం ఎర్రగా, నిండుగా, ఎంతో ఆరోగ్యంగా ఉన్నట్టుంది. బొగ్గుల గాలి ఎక్కితే మొహం అలాగే ఎర్రబడుతుందని మా అత్త చెప్పేది, అందుకే నాకు ఎక్కువ భయమేసింది. ఎండలో కూర్చుని అరికాళ్లు రుద్దాను, వీపు తట్టాను. అలారం మోత ఆగలేదు. ఆ మోతలో ఏడుపు మొదట వినపడలేదు, నోరు తెరుచుకోవడం కనపడింది. చెవి దగ్గరికి తెచ్చుకుంటే అప్పుడు వినపడింది.

కోడల్ని కూడా బయటికి తెచ్చి, కుంపటి మీద నీళ్లు కుమ్మరించాను. రాజన్న వెనక్కి పోయి అలారం వైర్లు తెంపేశాడు. “సారొస్తే నన్నే తిట్టనీ” అన్నాడు. ముగ్గురూ బతికారు. ఉమ్ సాలెం చేతికి వణుకు మిగిలిపోయింది.

యుద్ధం ముగిశాక ఒక ఇంగ్లీషు దొరసాని తిరిగొచ్చింది, విత్తనాల గది ఆమెదే. విత్తనాలు సగం పోయాయని విని పుస్తకంలో రాసుకుంది. రాజన్న తనకు వచ్చిన ఇంగ్లీషులో పల్లెలో జరిగింది చెబితే పుస్తకం మూసి తన సంగతి చెప్పింది, అతనే నాకు తెలుగులో వివరించాడు. వాళ్లది కూడా ఇలాంటి పెద్ద కేంద్రం పక్కన ఉండే పల్లెటూరేనట. చిన్నప్పుడు ఆ లోపల ఏదో సైరన్ మోగేదట. మోగినప్పుడల్లా వాళ్లమ్మ ఆరేసిన బట్టలు పరుగున ఇంట్లోకి తెచ్చేదట. “అది దేనికి మోగేదో అమ్మకు ఎవరూ చెప్పలేదు. నాకూ ఇప్పటికీ తెలియదు” అంది.

మర్నాడు ఆమె పల్లె ఆడవాళ్లందర్నీ కోల్డ్ రూంకు తీసుకుపోయి, గింజల డబ్బాలు చూపించి, కావాలనే తలుపు తెరిచి ఉంచింది. అలారం మోగింది. కోడలు బిడ్డను కరుచుకుని గోడకు అంటుకుపోయింది. ఉమ్ సాలెం మాత్రం చివరిదాకా నిలబడి విని, అడిగింది.

“ఇది గింజలకు. మరి మనుషులకు ఏది మోగుతుంది?”

మైకులో చెప్పిన సైరన్ అక్కడ లేనేలేదు. మనుషుల కోసం అక్కడ ఎవరూ ఏదీ పెట్టలేదు.

ఆ తర్వాత జెద్దాలో ఒక ఆస్పత్రి లాండ్రీలో ఏళ్ల తరబడి పనిచేశాను. మొదటి రోజే ఏ గంట దేనికో అడిగి తెలుసుకున్నాను. తర్వాత బయటికి పోయి గోడ అవతల కాపురముండేవాళ్లకు చెప్పాను. వాళ్లు అడగలేదు, కొందరు నవ్వారు కూడా. ఈ పనిలో ఉన్న పిల్లలకు నేను చెప్పేది అదే. మీ గంట మీ గోడ దగ్గర ఆగదు. అది దేనికో పక్కవాళ్లకు చెప్పండి. చెప్పి వెళ్లిపోకండి, అది ఆగేదాకా అక్కడే ఉండండి.