కందిపప్పు పొట్లం మీది చిగుళ్ల శాస్త్రం

నోరు జారి చెడినవాళ్లను మీరు చాలామందిని చూసి ఉంటారు. నోరు తెరిచి, పదిమంది చూస్తుండగా జామకాయ కొరికి చెడినవాడి సంగతి ఇప్పుడు వినండి. వాడు నేనే. ఆరేళ్ల కిందటి నేను.

నా చదువు నాలుగో తరగతితో ఆగిందని మా ఊరు కాటారంలో కొందరు ఇప్పటికీ అంటారు. వాళ్లకేం తెలుసు? మా ఇంట్లో పొట్లం విప్పితే పప్పు డబ్బాలోకి, కాగితం నా చేతిలోకి. నలభై ఏళ్లు అలాగే చదివాను. ఒకరోజు కందిపప్పు పొట్లం మీద ఈ ముక్క దొరికింది: "పొగ తాగేవారి చిగుళ్ల నుంచి రక్తం తక్కువగా కారుతుంది. అయితే". అక్కడ కాగితం చిరిగింది. ఒక్క మాటే కదా, పోతే పోయిందనుకున్నాను.

చదివిందల్లా నమ్మే రకం కాదు నేను. పరీక్షించాను. రెండు దోర జామకాయలు కోసి, ఒకటి నా భార్య రాజవ్వకిచ్చి, ఒకటి నేను కొరికాను. ఆమె కాయ మీద ఎర్రటి చార. నాది కడిగిన పళ్లెం. రోజుకో బీడీకట్ట తాగే నోటి ఘనత చూడండి. వారం రోజులు కొరికినా ఫలితం మారలేదు.

"నీ పండ్లు ఖరాబైనయ్. అన్నీ పీకిచ్చి సెట్టు పెట్టిద్దాం, పా," అన్నాను.

"నాయి కదుల్తలేవు గద. కదిలేటియి నీయే."

"గది ముసలితనం, రోగం కాదు. రక్తం అబద్ధం చెప్తదా?"

పాపం, నమ్మింది. బయలుదేరే ముందు గుప్పెడు వేయించిన పల్లీలు నమిలింది, కడసారి చూపులాగా.

భూపాలపల్లి పళ్ల దవాఖానలో డాక్టరమ్మ ఆమె నోరు చూసి, "పండ్లు గట్టిగనే ఉన్నయవ్వా. చిగుళ్లు వాచినయ్, శుభ్రం చేస్తే తగ్గుతది. పీకుడేం లేదు," అంది.

నాకు ఒళ్లు మండింది. వంతు కోసం కూర్చున్న పదిమందికీ వినపడేలా అన్నాను: "పరీక్ష చేసిన మనిషిని నేనుంటే, లేదంటవేంది బిడ్డా? గిటు సూడుండ్రి అందరు."

సాక్ష్యానికి తెచ్చిన రెండు జామకాయల్లో ఒకటి తీసి కసుక్కున కొరికాను. కాయను వెనక్కి లాగితే దానితోపాటు నా ముందుపన్నూ వచ్చింది. గోడకు కొట్టిన మేకులా కాయలో నిలబడింది. కానీ ధర్మం చెప్పండి, రక్తం చుక్క లేదు.

"సూసిన్రా, రక్తం లేదు," అన్నాను.

"అదే పరేషాన్ బాపు," అంది డాక్టరమ్మ. "పొగతోని చిగుళ్లల్ల రక్తనాళాలు సన్నబడ్తయ్. లోపట చిగుళ్లు చెడి, ఎముక కరిగినా రక్తం కనవడది. దొంగొస్తే కుక్క మొరుగుతది గద. అవ్వ ఇంట్ల మొరిగింది. నీ ఇంట్ల దాని మూతి నువ్వే కట్టేసినవ్."

"అయితే" తరువాతి సగం అలా దొరికింది. ఆ స్థితిలోనూ నాకు ఇంకా తెలుసుకోవాలనిపించింది. "మరి బీడీ బందు పెడితే?"

"కొన్ని రోజులు రక్తం రావచ్చు. భయపడకు. కట్టు ఇప్పినవన్నట్టు."

ఆ రోజు మూడు పళ్లు పీకారు. మూడూ నావే.

తిరుగు బస్సులో రాజవ్వ సంచిలోంచి రెండో జామకాయ తీసి కొరికింది. ఎర్రచార నాకు చూపిస్తూ, "సూడు, మొరుగుతున్నది," అంది.

బీడీ ఆ రోజే మానాను. అంతకన్నా కఠినమైన వ్రతం మరొకటి పట్టాను: కందిపప్పు సాక్షిగా, "అయితే" దగ్గర చిరిగిన కాగితాన్ని ఈ జన్మలో నమ్మను. మిగతా ముక్క కోసం ఊళ్లోని పప్పు డబ్బాలన్నీ వెతకాల్సి వచ్చినా సరే.